పేరు చెప్పి చేసిన ప్రార్థన

మా సంఘంలో ఆడవాళ్ళ తప్పులు దిద్దే పని నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఐదో తరగతి పిల్లల చేత ఒత్తులు దిద్దించిన చెయ్యి, రిటైరయ్యాక ఊరికే ఉంటుందా? ఆరాధనకి ఆలస్యంగా వచ్చిందెవరు, ప్రసంగం జరుగుతుంటే ఫోను చూసుకున్నదెవరు, మొగుడితో పోట్లాడి పుట్టింట్లో కూర్చున్నదెవరు, అన్నీ నాకు కావాలి. మొహం మీదే అనేస్తాను. "కెజియమ్మగారు ప్రేమ కొద్దీ అంటారు" అని వాళ్ళలో వాళ్ళే సర్దిచెప్పుకునేవారు. ప్రేమో కాదో నేనెప్పుడూ చూసుకోలేదు.

పోయిన వేసవిలో మా ఆయన జీవరాజు గారు పోయారు. ఆయన సంఘపెద్ద. పొద్దున్న కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, ఆ కుర్చీలోనే వెళ్ళిపోయారు. నాకు ఏడుపు రాలేదు. సమాధి దగ్గర రాలేదు, జ్ఞాపకార్థ కూటంలో రాలేదు, ఆయన చొక్కాలు మడత పెట్టి బీరువాలో సర్దుతుంటే కూడా రాలేదు. పంటి డాక్టరు ఇంజక్షన్ ఇచ్చాక పెదవి ఎలా ఉంటుంది? మనదే, కానీ గిల్లినా తెలియదు. నాకు ఒళ్ళంతా అలా ఉంది.

"చుక్క కన్నీరు రాల్చలేదు, ఏం విశ్వాసమండీ!" అన్నారు అందరూ. పాస్టరుగారు ఒక ఆదివారం ప్రసంగంలో కూడా నా సంగతి ఎత్తారు. నేను తల వంచుకుని విన్నాను. అది విశ్వాసం కాదండీ, లోపల ఏమీ లేదండీ అని లేచి చెప్పొచ్చు. చెప్పలేదు. పొగుడుతుంటే ఊరుకున్నాను.

నిజం సత్యకుమారి ఒక్కదానికే చెప్పాను. సత్యకుమారిది ఉప్పుటేరు అవతల జాలరిపేట. నెత్తిన తట్ట పెట్టుకుని మా వీధుల్లో చేపలమ్ముతుంది. రెండేళ్ళ కిందట మా సంఘంలో బాప్తిస్మం తీసుకుంది. మొగుడు బుల్లబ్బాయి గుడికీ రాడు, చర్చికీ రాడు, సముద్రానికి పోతాడు. "నీకు మంచిదనిపిస్తే వెళ్ళు" అన్నాడట, అంతే. జీవరాజు గారు పోయిన తరవాత అందరూ పది రోజులు వచ్చి మానేస్తే, ఈ మనిషి మాత్రం అమ్మకం అయ్యాక మా వరండాలో ఒక పావుగంట కూర్చుని వెళ్ళేది. ఓదార్పు మాటలేవీ చెప్పేది కాదు. ఒక రోజు నేనే అన్నాను, "నాకు ఏడుపు రావట్లేదే సత్యా. ప్రార్థన కూడా నోటితోనే చేస్తున్నాను. లోపల బండరాయి" అని. "అలా ఉంటదండి ఒక్కోసారి" అని ఊరుకుంది.

అలాంటిది, మొన్న నవంబరులో ఒక గురువారం తనే నోరు విప్పింది. బుల్లబ్బాయికి దగ్గు తగ్గడం లేదని గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళితే కఫం పరీక్ష చేశారట. టీబీ అట. ఆరు నెలలు మందులు వాడాలి.

"మందులు వేసుకుంటే తగ్గిపోద్దంటండి. ఎవరికీ చెప్పకండక్కయ్యగారూ. తెలిస్తే నా తట్ట ఎవరూ ముట్టరు. ఆయన్ని బోటెక్కనివ్వరు" అంది.

"ఛ, నేనెందుకు చెప్తానమ్మా" అన్నాను. అన్నానా లేదా? అన్నాను.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం మా ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన. ఫోనులో మాకో గ్రూపు ఉంది, ఎనభై మందికి పైనే ఉంటారు. సత్యకుమారి మాత్రం అందులో లేదు. పొద్దున ఆరింటికి ఆ రోజు ప్రార్థన అంశాలు వాయిస్‌లో చెప్పి పంపాల్సింది అధ్యక్షురాలు, అంటే నేను. ఊరికే 'ఒక సహోదరి కోసం' అంటే కుదరదు, పేరు చెప్పి ప్రార్థిస్తేనే బలం అని ఆ అలవాటు పెట్టింది కూడా నేనే. ఆ రోజు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంటే నాకు ఒక్క మాట రాలేదు. ఎవరి గురించీ మనసులో భారం లేదు. దేవుడితో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పుడు సత్యకుమారి కష్టం గుర్తొచ్చింది. నా దగ్గర లేని దుఃఖం ఆవిడ దగ్గర ఉంది, తీసుకుని వాడేసుకున్నాను. ఇంతకంటే పద్ధతిగా చెప్పడం నాకు చేతకాదు.

వాయిస్ పంపాక "ఆమేన్", "ఆమేన్ అక్కయ్యగారూ", దండాలు పెట్టే బొమ్మలు వరసగా వచ్చాయి. నేను స్టవ్ మీద కాఫీ పెట్టుకున్నాను.

నాలుగు రోజుల్లో అది మా గ్రూపు దాటి ఊళ్ళోకీ, ఊరు దాటి జాలరిపేటకీ వెళ్ళింది. "ఇవాళ వద్దులేమ్మా" అని ఒక ఇల్లు, "మా వారు చికెన్ తెచ్చారు" అని ఒక ఇల్లు. తట్టలో చేప తట్టలోనే ఇంటికి పోయేది. సత్యకుమారి మా వీధికి రావడం మానేసింది. రెండు ఆదివారాలు చర్చికి రాలేదు. నాకు కారణం తెలియదా? తెలుసు. తెలిసి కూడా ఆడవాళ్ళ కూటంలో, "కొత్తగా వచ్చినవాళ్ళు శోధన రాగానే చల్లబడిపోతారు, మనం జాగ్రత్తగా ఉండాలి" అని అన్నాను. నేను నోరు తెరిస్తే వచ్చేది అదే.

డిసెంబరు మొదటి ఆదివారం సంస్కారపు బల్ల, ప్రభువు పేరున రొట్టె విరిచి అందరం పంచుకునే ఆరాధన. ఆ ముందు రోజు మధ్యాహ్నం రొట్టె చేసేది నేనే, ఇరవై ఏళ్ళుగా. ఉప్పూ సోడా లేకుండా పిండి కలిపి, మందంగా ఒత్తి, ఫోర్కుతో గాట్లు పెట్టి కాలుస్తాను. ఆ శనివారం పిండి ఒత్తుతుంటే గుమ్మంలో సత్యకుమారి నిలబడి ఉంది. తట్ట లేదు.

"వందనాలండి అక్కయ్యగారు."

"ఏమ్మా, దారి తెలిసిందా? రెండు వారాలు కనపడలేదు" అన్నాను, పిండి మీంచి చెయ్యి తీయకుండా.

ఆవిడ బొడ్డున దోపిన సంచిలోంచి ఫోను తీసి నొక్కింది. నా గొంతు వినపడింది. "మన సహోదరి సత్యకుమారి గురించి భారంతో ప్రార్థిద్దాం. ఆమె భర్త బుల్లబ్బాయి గారికి టీబీ అని తేలింది. ఎంతో దుఃఖంలో ఉంది పాపం..." ఆ 'పాపం' దగ్గర ఎంత తీపిగా సాగదీశానో! నా గొంతు నాకే వెగటుగా ఉంది.

"ఇది మీరేనాండి?" అని అడిగింది.

"నేనే. అయితే ఏం? ప్రార్థన చేయించాను, తప్పా? ఎనభై మంది నీ కోసం మోకాళ్ళ మీద ఉన్నారు."

"ఉన్నారండి. ఒక్కళ్ళూ చేప కొనలేదు."

నోటికి అలవాటైన కోపమే వచ్చింది. "ఎవత్తో బయటికి పంపితే నేనేం చెయ్యను? ఎవరు పంపారో చెప్పు, రేపు అందరి ముందూ నిలబెడతాను."

"మధులత గారు వాళ్ళ చెల్లెలికి పంపారండి. ఆ చెల్లెలే నా ఫోనుకి పంపింది. అది కాదండి నేనొచ్చింది" అని గుమ్మం దాటకుండానే కింద కూర్చుంది. "ఆ మధ్య పాస్టరుగారు చెప్పారు కదండి, ఎవరైనా మన పట్ల తప్పు చేస్తే ముందు నలుగుర్లో పెట్టకూడదు, ఆ మనిషి దగ్గరికే ఒంటరిగా వెళ్ళి చెప్పాలని. అందుకని వచ్చాను. ఇంకెవరికీ చెప్పలేదు. అక్కయ్యగారూ, మీరు తప్పు చేశారండి."

నాతో ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. అరవై మూడేళ్ళ దాన్ని. జీవరాజు గారు కూడా "పోనీలే కెజియా" అనేవారే తప్ప అలా అనలేదు.

"నిన్న గాక మొన్న వచ్చి నాకే వాక్యం చెప్తున్నావా?" అన్నాను.

సత్యకుమారికి కోపం రాలేదు. వచ్చినా నాకు కనపడలేదు. "మీకు ఏడుపు రావట్లేదని నాతో చెప్పారు. అందరూ మిమ్మల్ని విశ్వాసం, విశ్వాసం అని పొగుడుతుంటే నేను వెనక బెంచీలో కూర్చుని వింటున్నాను. నేనెవరికైనా చెప్పానాండి?" అంది.

చెప్పలేదు. మా ఇద్దరికీ తెలుసు. చేతికి పిండి ఎండిపోయి బిగుసుకుపోతోంది. అంత మాట తగిలినా నాకు లోపల ఏమీ కదలలేదు, అదీ నిజమే. కానీ లెక్క తేలిపోయింది. ఈవిడ చెప్పింది ఒప్పు, నేను చేసింది తప్పు. ఐదో తరగతి పిల్లకి కూడా తెలిసేంత తేట తప్పు.

"తప్పే సత్యా" అన్నాను. "రేపు బల్ల దగ్గర అందరి ముందూ లేచి ఒప్పుకుంటాను."

"వద్దండి బాబూ!" అని రెండు చేతులూ ఊపింది. "మీరు ఒప్పుకుంటే అది మీకు సాక్ష్యం అవుద్ది. ఎంత తగ్గింపు మనసండీ కెజియమ్మగారిది అంటారు. నా పేరు మళ్ళీ నలుగుద్ది."

అయ్యో, ఎంత కరెక్టుగా పట్టుకుంది! నేను అప్పటికే మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా చూసుకుంటున్నాను.

"మరి ఏం చెయ్యమంటావు?"

"సోమవారం నాతో రండి. నా తట్ట మీ చేత్తో పట్టుకుని ఆ ఇళ్ళకి రండి. మీరు ముట్టుకుంటే వాళ్ళు ముట్టుకుంటారు."

"నేనా? తట్టా?" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

"మీరేనండి" అని లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం రొట్టె పళ్ళెం వరసల్లో తిరిగింది. నా చేతికి వచ్చింది. నేను చేసిన రొట్టే. తప్పు దిద్దుకోకుండా అది తీసుకోకూడదు, విరవకుండా పక్కావిడకి అందించాను. ఆవిడ నా మొహంలోకి చూసింది, ఆవిడ పక్కన కూర్చున్నావిడ చూసింది. మధులత మెడ తిప్పి మరీ చూసింది. అడిగిన వాళ్ళకి "వచ్చే నెల తీసుకుంటాను" అని మాత్రం చెప్పాను. వెనక బెంచీ వైపు చూశాను. సత్యకుమారి రాలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి సత్యకుమారి వస్తే తట్ట పట్టాను. నెత్తిన పెట్టుకోవడం నా వల్ల కాలేదు, నడుం మీద పెట్టుకున్నాను. చందువాలు, కానాగంతలు. నీళ్ళు కారి చీర తడిసింది. ముందు మా వంటింట్లోనే కొన్ని దింపించుకుని బయల్దేరాను. వీధిలో జనం ఆగి చూస్తున్నారు. టీచరమ్మ చేపలమ్ముతోందేంటి అని టీకొట్టు దగ్గర ఎవరో అననే అన్నారు. ఇంకొకప్పుడైతే తిరిగి నాలుగు అంటించేదాన్ని. ఊరుకుని నడిచాను.

మొదటి ఇల్లు నాగేశ్వరిగారిది. వాళ్ళు మా సంఘం కాదు, అయినా మాట వాళ్ళకీ చేరింది. "వద్దండి" అని తలుపు వేయబోయారు.

"ఒక్క మాట వినండి నాగేశ్వరిగారూ. చెప్పనని మాటిచ్చి చెప్పింది నేను. ఆయన మందులు వాడుతున్నాడు. ఆ రోగం చేపలో రాదు, ఆసుపత్రిలో అడగండి కావాలంటే. నేను ఇవే వండుకుంటున్నాను" అన్నాను. ఆవిడ నన్ను, తట్టని, నా చీర మీద తడిని మార్చి మార్చి చూసి, గిన్నె తెచ్చారు. రెండో ఇంట్లో కొనలేదు. మూడో ఇంట్లో కొన్నారు. నాలుగో ఇంట్లో కుక్కని వదిలారు, అదృష్టం, దానికి మేం తెలుసు. ప్రతి గుమ్మంలో అదే ముక్క చెప్పాను. చెప్పనని మాటిచ్చి చెప్పింది నేను. ఐదారు ఇళ్ళు తిరిగేసరికి క్లాసులో హాజరు పిలిచినట్టు ఆ ముక్క అప్పజెప్పేస్తున్నాను, లోపల అంతే చప్పగా ఉంది.

మధులత గ్రిల్ తలుపు తియ్యలేదు. లోపల్నుంచే, "ఇవాళ సోమవారం కదక్కయ్యా, మేం నీసు తినం" అంది.

"ఎప్పట్నుంచమ్మా? బాప్తిస్మం తీసుకున్న ఇంట్లో సోమవారం పట్టింపు ఎప్పుడొచ్చింది?" అన్నాను. మధులత మొహం పాలిపోయింది. నాలిక చివరన ఉంది తరవాతి మాట. నువ్వే కదే చెల్లెలికి పంపింది అని. పక్కింటి వాళ్ళు కూడా గోడ మీంచి చూస్తున్నారు. ఇలాంటి చోట నేను ఎంత బాగా అంటానో! అని ఉంటే మధులత ఏడాది పాటు తలెత్తేది కాదు. సత్యకుమారి నా పక్కనే నిలబడి తట్టలో ఈగలు తోలుకుంటోంది. తనకి తెలిసిన ఆ పేరు, శనివారం నేను గుచ్చి అడిగితే తప్ప, ఎక్కడా ఎత్తలేదు.

"మధూ," అన్నాను నెమ్మదిగా, "ఆ వాయిస్ పెట్టింది నేను. నేను పెట్టకపోతే అది ఎక్కడికీ వెళ్ళేది కాదు. వేరే ఎవరి దగ్గరా లెక్క అడగడానికి రాలేదు."

మధులత నన్ను చూసింది, సత్యకుమారిని చూసింది. తాళం తీసింది. బయటికొచ్చి తట్టలో చెయ్యి పెట్టి, తనే ఏరుకుంది. "సారీ సత్యా" అంది, ఎవరికీ వినపడకుండా. సత్యకుమారి "చందువా మంచిదండి, అది తీసుకోండి" అంది.

పదకొండు దాటేసరికి తట్టలో అడుగున కొంచెం మిగిలింది. అక్కణ్ణించి వాళ్ళింటికి వెళదామని నేనే అన్నాను. బుల్లబ్బాయికి కూడా ఒక మాట చెప్పాలి కదా. నిజం చెప్పాలంటే, అక్కడితో పని అయిపోతుందనుకున్నాను. దారిలో సత్యకుమారి నన్ను క్షమించానంది. దానితో ఏదో కదులుతుందనుకుంటే ఏమీ కదల్లేదు. ఇక ఇతను కూడా "ఫర్లేదండి" అంటే ఇంటికెళ్ళి స్నానం చేయొచ్చు.

బుల్లబ్బాయి ఇంటి బయట నీడలో మంచం వేసుకుని కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి, మూతికి తువ్వాలు అడ్డం కట్టుకుని, నాలుగడుగులు వెనక్కి జరిగి, "రండమ్మగారూ" అని మంచం చూపించాడు.

"బుల్లబ్బాయీ, నా వల్ల నీకు అన్యాయం జరిగింది. చెప్పనని మాటిచ్చి చెప్పాను. క్షమించు" అన్నాను. పొద్దుట్నుంచి అన్న మాటే. నోరు దానికి అలవాటు పడిపోయింది.

అతను తువ్వాలు ముడి బిగించుకున్నాడు. తరవాత, "ఆవిడ క్షమించానందండి. మీ దేవుడు ఆవిడకి చెప్పాడేమో. నాకెవరూ చెప్పలేదండి. నేను క్షమించలేదు" అన్నాడు.

"ఏంటా మాటలు, ఇంటికొచ్చిన మనిషితో!" అని సత్యకుమారి కసిరింది.

"ఊరుకోమనకు సత్యా. అననీ" అన్నాను.

"పద్దెనిమిదేళ్ళండి ఆ బోటు మీద" అన్నాడు. గొంతు పెంచలేదు. "సముద్రంలో అందరం ఒక్క గిన్నెలో కూర తిన్నాం. వీరాస్వామి బోటుకి పెద్ద, వాడి పెళ్ళికి నేను తోడుపెళ్ళికొడుకుని. మీ మాట విన్న మర్నాడు నా కంచం, నా గ్లాసు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇంటికి పంపించాడండి. వాడు రాలేదు. ఎవరి చేతో పంపించాడు. రోగమైతే తగ్గుద్దంటున్నారు. ఆ సంచి చూశాకే నాకు అన్నం సయించట్లేదు."

నేను ఆ మంచం మీద కూర్చుండిపోయాను. కంచం, గ్లాసు. ఎవరో వాటిని కడిగి, సంచిలో పెట్టి, మూతి ముడేసి ఉంటారు. నా ఒక్క తీపి మాటకి. ఒళ్ళంతా వేడెక్కింది. మెడ దగ్గర, చెవుల దగ్గర, కళ్ళ వెనక. సిగ్గు. ఎవరి మొహమూ చూడలేనంత సిగ్గు. జీవరాజు గారు పోయిన ఎనిమిది నెలల్లో నాకు ఏదైనా తెలియడం అదే మొదలు. నొప్పిగా ఉంది. పోకూడదు, పోకూడదు అని దాన్ని లోపల గట్టిగా పట్టుకున్నాను.

"నువ్వు క్షమించక్కర్లేదు బుల్లబ్బాయీ" అన్నాను. ఇది పొద్దుట్నుంచి అన్న మాట కాదు. "నేనేం చెయ్యాలో చెప్పు."

"నాకు చెప్పి ఏం లాభం అమ్మగారూ? వీరాస్వామికి చెప్పండి. వాడికి, బోటు మీద ఉన్న ఆరుగురికి. తప్పు మీదని చెప్పండి. మందులు వాడుతున్నాడు, ఇన్ని వారాలయ్యాక అంటుకోదని డాక్టరు చెప్పాడని చెప్పండి. నేను చెప్తే నమ్మట్లేదు."

"చెప్తాను."

"ఎప్పుడండి?"

ఆ మాట అడిగి నా కళ్ళల్లోకి చూశాడు. చెప్తానన్నవాళ్ళు చాలా మంది వచ్చి వెళ్ళి ఉంటారు. నా చీర చేపల నీళ్ళతో తడిసి ఉంది, నడుం లాగేస్తోంది, మొహం అంతా ఎర్రబడి ఉందని నాకే తెలుస్తోంది. ఆ మొహంతో అంతమంది మగవాళ్ళ ముందు నిలబడాలి.

"ఇప్పుడే" అన్నాను. "నువ్వు రావాలి. వాళ్ళు నిన్ను చూస్తుండగా చెప్తాను."

బుల్లబ్బాయి తువ్వాలు సరిచేసుకుని, నాకు దూరంగా, ముందు నడిచాడు. వాళ్ళు వలలు బాగుచేసుకునే రేవు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. నేను అతని వెనకే నడిచాను. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు.